కొలెస్ట్రాల్ తగ్గించే ఆహారం: ఏది మానాలి, దాని బదులు ఏది తినాలి

రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని తెలియగానే చాలామంది నూనె మొత్తం మానేస్తారు, గుడ్డు ముట్టుకోరు. అంతకన్నా ముందు ఆ నివేదికలో ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ ఎంత ఉందో చూడాలి. రక్తనాళాల గోడల్లో పేరుకుపోయి గుండెపోటుకు, పక్షవాతానికి దారితీసేది ప్రధానంగా ఇదే. ఆహారం మార్చుకున్నాక తగ్గిందో లేదో చూసుకోవలసిన అంకె కూడా ఇదే.

శరీరంలో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఆహారం నుంచి రాదు, శరీరమే తయారుచేసుకుంటుంది. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను లోపలికి తీసుకుని తొలగించే పని కాలేయానిది. సంతృప్త కొవ్వు ఎక్కువగా తిన్నప్పుడు ఈ పని చేసే గ్రాహకాలు, అంటే దాన్ని పట్టుకునే కణభాగాలు, మందగిస్తాయి కనుక ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. అందువల్ల మొదట తగ్గించవలసింది వెన్న, నెయ్యి, మీగడ, జున్ను (చీజ్), కొవ్వు ఎక్కువగా ఉన్న మాంసం, పామాయిల్, కొబ్బరి నూనె. రోజుకు 2,000 కేలరీలు తీసుకునే వ్యక్తికి సంతృప్త కొవ్వు 22 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే 10 శాతం పరిమితిని బట్టి లెక్క తేలుతుంది. ఎల్‌డీఎల్ తగ్గించుకోవలసిన వారికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పే పరిమితి ఇంకా తక్కువ, సుమారు 13 గ్రాములు. ఒక పెద్ద చెంచా వెన్నలోనే దాదాపు 7 గ్రాములు, అంతే కొబ్బరి నూనెలో 11 గ్రాములకు పైగా ఉంటుందని గుర్తుంచుకుంటే ఈ పరిమితి ఎంత త్వరగా నిండిపోతుందో అర్థమవుతుంది.

అయితే మానేయడం సగం పని మాత్రమే. వెన్న మానేసి ఆ స్థానంలో తెల్ల బ్రెడ్డు, బిస్కెట్లు, తీపి పానీయాలు పెంచితే గుండెకు మేలు జరగదు, పైగా ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని మరో రకం కొవ్వులు పెరుగుతాయి. అదే వెన్న స్థానంలో పొద్దుతిరుగుడు, సోయా, ఆవ, ఆలివ్ వంటి నూనెలను మితంగా వాడితే ఎల్‌డీఎల్ తగ్గుతుంది. నూనె పూర్తిగా మానేయాలన్న సలహా నాకు సరైనదిగా తోచదు. నూనె రకాన్ని మార్చడమే అసలు మార్పు.

సరుకులు కొనేటప్పుడు ప్యాకెట్టు ముందువైపు ‘కొలెస్ట్రాల్ లేదు’ అని ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, పామాయిల్‌లో కూడా ఉండదు. వెనుకవైపు పట్టికలో సంతృప్త కొవ్వు ఎన్ని గ్రాములో చూడండి. పదార్థాల జాబితాలో పాక్షికంగా హైడ్రోజనీకరించిన నూనె అని కనిపిస్తే ఆ వస్తువును పక్కన పెట్టేయండి, ఎందుకంటే అందులోని ట్రాన్స్ కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచడమే కాక మేలు చేసే హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది.

ఇక చేర్చవలసిన వాటిలో మొదటి స్థానం నీటిలో కరిగే పీచుకు ఇవ్వాలి. ఈ పీచు పేగులో జిగురుగా మారి పైత్యరసంలోని ఆమ్లాలను పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. ఆ లోటును పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకోక తప్పదు. ఓట్స్, బార్లీ, చిక్కుళ్లు, సెనగలు, పప్పులు, ఆపిల్, నారింజ, వంకాయ, బెండకాయ దీనికి మంచి వనరులు. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు రోజుకు 3 గ్రాములు అందితే ఫలితం ఉంటుందని తేలింది; అందుకు సుమారు 75 గ్రాముల ఓట్స్ కావాలి. చక్కెర కలిపిన రకాలు కాకుండా సాదావి ఎంచుకోండి. పీచును ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది కనుక రెండు మూడు వారాల్లో నెమ్మదిగా పెంచుతూ నీళ్లు బాగా తాగాలి.

రోజుకు ఒక గుప్పెడు, అంటే సుమారు 30 గ్రాముల ఉప్పు లేని బాదం లేదా అక్రోట్లు, వారంలో కొన్ని పూటలైనా మాంసానికి బదులు సోయా లేదా పప్పులు తినడం కూడా తోడ్పడతాయి. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెన్‌కిన్స్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో కరిగే పీచు, గింజలు, సోయా, మొక్కల స్టెరాల్స్ (కొలెస్ట్రాల్‌ను పోలిన మొక్కల పదార్థాలు) కలిపిన ఆహారంతో నాలుగు వారాల్లో ఎల్‌డీఎల్ 28 శాతానికి పైగా తగ్గింది. అక్కడ ఆహారాన్ని పరిశోధకులే సమకూర్చారు; ఎవరి వంట వారు చేసుకున్న తర్వాతి అధ్యయనంలో తగ్గుదల సుమారు 13 శాతమే. ఆ మాత్రం తగ్గుదల కూడా ఎంతో విలువైనది.

గుడ్డు విషయంలో భయం అతిగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న చాలామందికి రోజుకు ఒకటి ఇబ్బంది కాదు. మధుమేహం ఉన్నవారు, ఎల్‌డీఎల్ బాగా ఎక్కువగా ఉన్నవారు పచ్చసొన ఎంత తినవచ్చో వైద్యుణ్ణి అడగాలి. కాగితపు ఫిల్టరు లేకుండా మరిగించి తాగే కాఫీలోని కెఫెస్టాల్ అనే పదార్థం ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది కనుక రోజుకు చాలా కప్పులు తాగేవారు కాగితంతో వడకట్టుకోవడం మంచిది.

ఆహారం మార్చాక ఒకటి నుంచి మూడు నెలల మధ్య మళ్లీ పరీక్ష చేయించుకోండి. వంశపారంపర్యంగా ఎల్‌డీఎల్ చాలా ఎక్కువగా ఉండే కుటుంబాల్లో ఆహారం ఒక్కటే సరిపోదు, మందులు తప్పనిసరి అవుతాయి. అది వారి క్రమశిక్షణ లోపం కాదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు వాడుతున్నవారు అంకె తగ్గిందని తమంతట తాము మాత్ర ఆపకూడదు. అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ వంటివి వాడేవారు పంపరపనసను పోలిన గ్రేప్‌ఫ్రూట్ రసం తాగే ముందు వైద్యుణ్ణి సంప్రదించాలి, ఎందుకంటే ఆ రసం రక్తంలో మందు మోతాదును పెంచుతుంది.