లాక్‌డౌన్‌లో పిల్లలకు ఫిట్స్ వస్తే: ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు

2020లో కోవిడ్ లాక్‌డౌన్లు అమలైన చాలా దేశాల్లో అత్యవసర విభాగాలకు వచ్చే పిల్లల సంఖ్య బాగా పడిపోయింది. బడులు మూతపడి జలుబు, ఫ్లూ వంటివి సోకడం తగ్గింది కాబట్టి జ్వరాలూ, వాటితోపాటు వచ్చే ఫిట్సూ కొంత తగ్గి ఉంటాయి. అయితే ఆసుపత్రికి వెళితే కోవిడ్ అంటుకుంటుందన్న భయంతో ఇంట్లోనే ఆగిపోయినవారూ ఉన్నారు. ఫిట్స్ ఆగకపోతే పిల్లలకు కలిగే హాని ముందు ఆ భయం చిన్నది.

మూర్ఛకు రోజూ మందు వాడే పిల్లలుంటే, దుకాణాలు మూతపడకముందే కనీసం ఒక నెలకు సరిపడా మందు తెచ్చుకోవాలి. మందు హఠాత్తుగా మానితే ఫిట్స్ తిరగబెట్టడమే కాక, ఎంతకూ ఆగని స్థితి కూడా రావచ్చు. బడి లేదు కదా అని అర్ధరాత్రి దాకా మేలుకోనివ్వకూడదు, ఎందుకంటే నిద్ర చాలకపోవడం కూడా ఫిట్స్‌ను రేపుతుంది. ఫిట్స్‌ను ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రేను డాక్టరు ఇదివరకే రాసి ఉంటే, దాని గడువు తేదీ చూసుకుని, పిల్లల బరువు ఇప్పుడెంతో ఫోనులో చెప్పి మోతాదు సరిచూసుకోవాలి.

ఫిట్స్ మొదలవగానే చూడవలసినది గడియారం. పిల్లవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర బట్టలు వదులు చేయాలి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు, జ్వరం సిరప్ ఏదీ పెట్టకూడదు. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకూడదు. పక్కన మరొకరుంటే ఫోనులో వీడియో తీయడం మంచిది, తల్లిదండ్రులు కంగారులో చెప్పే వర్ణన కంటే అదే డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలావరకు అయిదు నిమిషాల్లోపే ఆగిపోతాయి. పారాసిటమాల్ జ్వరం బాధను తగ్గిస్తుందే గాని ఫిట్స్ రాకుండా ఆపుతుందని నమ్ముకోకూడదు. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా, పెదవులు నీలంగా మారినా, మెడ బిగుసుకున్నా, తలకు దెబ్బ తగిలి ఉన్నా వెంటనే అంబులెన్స్‌ను పిలవాలి. జీవితంలో మొదటిసారి వచ్చిన ఫిట్స్ దానంతటదే ఆగిపోయినా సరే, ఆ రోజే ఆసుపత్రిలో చూపించాలి.

ఏ ఆసుపత్రి అత్యవసర విభాగం తెరిచి ఉందో, రాత్రిపూట ఎవరు వెంట వెళతారో, ప్రయాణానికి అనుమతి కాగితం అవసరమో కాదో ముందే కనుక్కుని పెట్టుకోవాలి. వెంట వెళ్లే పెద్దవారు మాస్కు తప్పక పెట్టుకోవాలి, కాని ఫిట్స్‌లోనో ఆ తరువాతి మగతలోనో ఉన్న బిడ్డ ముఖానికి మాత్రం తొడగకూడదు.