శాండ్ హికరీ మొక్క ఎదగడం లేదా? ముందు వేరు సంగతి చూడండి

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లోని ఇసుక మెట్టలు శాండ్ హికరీకి సొంత నేల. ఇది అక్రోటు కుటుంబానికి చెందిన, గట్టి పెంకు కాయలు కాసే హికరీ చెట్లలో ఒక రకం. బెట్టకు తట్టుకునే చెట్టని విని పెరట్లో వేస్తే అది దిగులుగా నిలబడిందంటే, తప్పు చాలావరకు తల్లివేరు దగ్గరే జరిగి ఉంటుంది.

గింజ మొలవలేదు
శరదృతువులో రాలిన కాయల పైతొక్క ఒలిచి బకెట్ నీళ్లలో వేయండి. తేలినవి తాలైనా అయి ఉంటాయి, ముక్కుపురుగు తొలిచినవైనా అయి ఉంటాయి, పారేయండి. మునిగినవి కూడా చలి తగలనిదే నిద్ర లేవవు. తడి ఇసుకలో కలిపి, జిప్ కవర్లో వేసి 3-4 నెలలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఆ ఇసుకను గుప్పిట్లో పిండితే చుక్క కారకూడదు, కారితే బూజు పడుతుంది. తర్వాత 3-4 సెంటీమీటర్ల లోతున నాటి, పైన అర అంగుళం కన్నుల ఇనుప జాలీ పరిచి అంచులు మట్టిలోకి దించండి. లేకుంటే ఉడతలు ఒక్కటీ మిగల్చవు. ముందు వేరు మాత్రమే దిగుతుంది, మొలక ఆలస్యంగా వస్తుంది. ఆత్రపడి తవ్వితే వేరు కొస విరుగుతుంది.

ఏడాదైనా జానెడే ఉంది
జబ్బు కాదు. మొదటి ఏళ్లలో బలమంతా వేరుకే పోతుంది, యూరియా వేయకండి. కుండీలో ఉంటే మాత్రం అనుమానించాలి: అడుగున వేరు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. కనీసం 14 అంగుళాల లోతున్న, అడుగు తెరిచిన కుండీ వాడి, ఆకు రాలిన చలికాలంలో నేలలోకి మార్చండి. మా మాటైతే, కుండీ జోలికే పోకుండా చెట్టు ఉండాల్సిన చోటే గింజ పెట్టడం మేలు.

వేసవిలో ఆకు అంచులు మాడుతున్నాయి
వేరు లోతుకు దిగాకే బెట్టను తట్టుకునేది. మొదటి రెండు వేసవులు వాన లేని వారం 8-10 లీటర్లు మెల్లగా ఇంకేలా పోయండి. రోజూ పైపైన చల్లితే వేరు పైనే ఉండిపోతుంది. 3 అంగుళాల మందాన పైన్ ఆకు పరచండి, కాండానికి మాత్రం తగలనీయకండి.

ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపు
పక్కనున్న లాన్‌కు సున్నం వేశారేమో చూడండి. దీనికి ఆమ్ల నేల కావాలి. సున్నం ఆపి, మట్టి పరీక్ష చేయించండి.

సన్న కొమ్మలు కత్తితో కోసినట్టు రాలుతున్నాయి
వేసవి చివర్లో ఒక రకం పెంకుపురుగు కొమ్మ చుట్టూ గాడి కొరుకుతుంది. గుడ్లుండేది రాలిన ముక్కలోనే, కాబట్టి మందు కొట్టే కన్నా పుల్లలన్నీ ఏరి తగలబెట్టడమే పని.

కాయలే లేవు
చాలా హికరీలు పాతికేళ్లు దాటితే గాని సరిగా కాయవు. ఆ తర్వాతా ఏటా కాపు ఒకేలా ఉండదు.