హెల్ప్‌డెస్క్ తరువాత, 4వ పాఠం: మీ చెయ్యి ఎక్కడ ఆగుతోంది?

ఈ పాఠాలు హెల్ప్‌డెస్క్‌లో, అంటే కంప్యూటర్ ఇబ్బందులకు మొదట ఫోనెత్తే ఉద్యోగంలో ఉన్నవాళ్లు, పై మెట్టుకు ఏ సర్టిఫికేషన్ పరీక్ష రాయాలో తేల్చుకోవడానికి. పోయిన పాఠంలో ఇరవై ఉద్యోగ ప్రకటనలు చదివి, వాటిలో కనిపించిన సర్టిఫికేషన్ల పేర్లు లెక్కపెట్టమన్నాను. మీరు పంపిన జాబితాలన్నీ చదివాను. చదివాక ఈ వారానికి అనుకున్న పాఠం పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. ఫీజులు, పరీక్ష తేదీల సంగతి వచ్చే వారం చూద్దాం.

చాలా జాబితాల్లో, సమాచార భద్రతలో అనుభవం ఉన్నవాళ్లకు ఇచ్చే సీఐఎస్ఎస్‌పీ పై వరసలో ఉంది. రాజాం తమ్ముడొకరు ఏడాదిన్నరగా పాస్‌వర్డులు రీసెట్ చేసే ఉద్యోగంలో ఉన్నారు. లెక్కలో ఆ పేరే ఎక్కువ వచ్చిందని పుస్తకం కూడా కొనేశారు. ఆ సర్టిఫికేషన్ పూర్తిగా చేతికి రావాలంటే భద్రతకు సంబంధించిన ఎనిమిది విభాగాల్లో కనీసం రెండింటిలో, మొత్తం ఐదేళ్ల ఉద్యోగ అనుభవం చూపాలి. అనుభవం లేకుండా పరీక్ష పాసైతే అసోసియేట్ హోదా మాత్రమే ఇస్తారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఏ ప్రకటనలు లెక్కలోకి తీసుకోవాలో నేనే చెప్పలేదు.

కాబట్టి ఆ కాగితం మళ్లీ తీయండి. మూడేళ్లకు మించి అనుభవం అడిగిన ప్రకటనలు కొట్టేయండి. ‘తప్పనిసరి’ అన్నచోట ఒక మార్కు, ‘ఉంటే మంచిది’ అన్నచోట అర మార్కు వేయండి. జాబితా సగానికి సగం తగ్గిపోతుంది. మిగిలిన వాటిలో నెట్‌వర్కులకు సిస్కో వారి సీసీఎన్ఏ, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కు అజూర్ అడ్మినిస్ట్రేటర్, లినక్స్‌కు రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ, ఐటీ సేవల నిర్వహణకు ఐటిల్ ఫౌండేషన్ లాంటివి కనిపిస్తే మీ లెక్క సరైన దారిలో ఉన్నట్టే.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే విషయానికి వస్తాను. మన వాడుకలో అన్నిటికీ ఒకటే మాట, సర్టిఫికెట్. కోర్సు పూర్తి చేసినందుకు ఇచ్చేది సర్టిఫికెట్, వర్క్‌షాపుకు హాజరైనందుకు ఇచ్చేది సర్టిఫికెట్, పరీక్ష రాసి నెగ్గితే వచ్చేదీ సర్టిఫికెట్టే. ఈ ఒక్క మాట చాటున మన పిల్లల డబ్బు ఎంతో పోతోంది.

పలాస అమ్మాయి ఒకరు ఫైలు పట్టుకుని విజయనగరం వచ్చి నన్ను కలిశారు. అందులో పదకొండు కాగితాలున్నాయి, అన్నీ లామినేషన్ చేయించినవే. ఒక్కొక్కటీ బల్లమీద పరిచి, ప్రతి కాగితంలోనూ క్రియాపదం ఏమిటో చదవమన్నాను. ‘పాల్గొన్నారు’, ‘హాజరయ్యారు’, ‘పూర్తి చేశారు’ అనే అర్థం వచ్చే మాటలే అన్నిట్లోనూ ఉన్నాయి. ‘ఉత్తీర్ణులయ్యారు’ అన్నది ఒక్కటీ లేదు. పెద్ద అక్షరాలతో సీసీఎన్ఏ అని ఉన్న కాగితం కూడా శిక్షణ సంస్థ సొంతంగా అచ్చు వేసుకున్నదే. సిస్కో పరీక్ష ఆమె అసలు రాయనే లేదు. ఇంటర్వ్యూలో ధ్రువీకరణ సంఖ్య అడిగిన రోజున గాని ఆమెకు ఆ సంగతి తెలియలేదు. వాళ్ల నాన్నగారు జీడిపంట డబ్బులోంచి కట్టిన ఫీజు అది.

అందుకని ఏ సంస్థ ‘సర్టిఫికెట్ ఇస్తాం’ అన్నా మూడు ప్రశ్నలు అడగండి. పరీక్ష ఎవరు పెడతారు? ఫీజులో ఆ పరీక్ష రుసుము కలిసి ఉందా? నెగ్గానో లేదో బయటివాళ్లు ఎక్కడ సరిచూసుకుంటారు? సీసీఎన్ఏ అయితే పరీక్ష పెట్టేది సిస్కో. దాని సంఖ్య 200-301, వ్యవధి 120 నిమిషాలు, నెగ్గితే మూడేళ్లు చెల్లుతుంది. శిక్షణ ఎవరి దగ్గరైనా తీసుకోవచ్చు, అసలు తీసుకోకపోయినా ఫరవాలేదు. శిక్షణ కాగితాలు పనికిరానివని నేను అనడం లేదు. అవి నేర్చుకున్నారని చెబుతాయి, నేర్చుకున్నది వచ్చని చెప్పవు. రెజ్యూమెలో వాటిని ‘శిక్షణ’ అన్న శీర్షిక కిందే పెట్టండి.

ఇప్పుడు అసలు పాఠం. ఏ సర్టిఫికేషన్ తీసుకోవాలో ప్రకటనలు సగమే చెబుతాయి. మిగతా సగం మీ టికెట్లలో, అంటే మీ దగ్గర నమోదైన ఫిర్యాదుల్లో ఉంది.

ఒక టికెట్ చూద్దాం. ‘మధ్యాహ్నం నుంచి నెట్ రావడం లేదు’ అని శాఖ నుంచి ఫోను. మీరు ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కు ఉండే సంఖ్య) చూస్తే 169.254తో మొదలవుతోంది. కేబుల్ తీసి పెట్టారు, రీస్టార్ట్ చేయించారు, ఫలితం లేక పై బృందానికి పంపారు. గంటలో టికెట్ మూసేశారు. ఆ గంటలో వాళ్లేం చేశారు? 169.254 అంటే, చిరునామాలు పంచిపెట్టే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి ఆ కంప్యూటర్‌కు చిరునామా అందలేదని. వాళ్లు సర్వర్‌లోకి వెళ్లి చూశారు. ఆ శాఖకు ఇచ్చింది /26 నెట్‌వర్క్, అంటే 64 చిరునామాలు, వాడుకోదగినవి 62 (గీత పక్క అంకె పెరిగేకొద్దీ చిరునామాలు తగ్గుతాయి). సిబ్బంది ఫోన్లు కూడా వైఫైకి తగిలించడంతో అవి నిండిపోయాయి. మీ చెయ్యి ఆగిన చోటు, వాళ్ల చెయ్యి మొదలైన చోటు ఒకటే. మీరు దాటవలసిన గీత అదే.

ఇలాంటి టికెట్లే ఎక్కువగా పైకి వెళుతుంటే మీది సీసీఎన్ఏ దారి. నన్నడిగితే అనుమానం ఉన్నవాళ్లకు కూడా అదే చెబుతాను, ఎందుకంటే తరువాత క్లౌడ్‌కు వెళ్లినా, భద్రతకు వెళ్లినా ఆ పునాది వృథా పోదు. ఖాతాల అనుమతులు, లైసెన్సులు, ల్యాప్‌టాప్ విధానాల దగ్గర ఆగిపోతుంటే మైక్రోసాఫ్ట్ దారి: ల్యాప్‌టాప్‌లు, ఫోన్ల నిర్వహణకు ఎండీ-102, ఆ తరువాత ఏజెడ్-104, అంటే పైన చెప్పిన అజూర్ అడ్మినిస్ట్రేటర్ పరీక్ష. రెండోదాన్ని ఏటా ఆన్‌లైన్‌లో ఉచితంగానే పునరుద్ధరించుకోవచ్చు. ఏజెడ్-900 లాంటి ప్రాథమిక పరీక్షలకు కాలపరిమితి లేదు కదా అని నాలుగైదు పోగు చేయకండి, ఒకటి చాలు. లినక్స్ సర్వర్ల దగ్గర ఆగేవాళ్లకు ఆర్‌హెచ్‌సీఎస్ఏ. అందులో టిక్కు పెట్టే ప్రశ్నలుండవు, యంత్రం మీద పని చేసి చూపాలి. 300కు 210 రావాలి, మీరు చేసిన మార్పులు రీబూట్ తరువాత కూడా నిలవాలి. డంపులు (బయటికి పొక్కిన ప్రశ్నలు) బట్టీపట్టి నెగ్గే పరీక్ష కాదు కాబట్టే నాకు దానిమీద అంత గౌరవం.

మరో సంగతి. పరీక్షకు పేరు నమోదు చేసేటప్పుడు గుర్తింపు కార్డులో ఉన్నట్టే రాయండి. కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, మీరు ఇక్కడ పొడి అక్షరం వేస్తే పరీక్ష రోజున ఇబ్బంది పడతారు. ఇంటి నుంచి రాస్తే గదిలోకి ఎవరూ రాకూడదు, ఆ పరీక్ష నియమాలు ఒప్పుకుంటే తప్ప కెమెరా ముందు నుంచి మీరు లేవకూడదు. కరెంటు నమ్మకం లేని ఊళ్లో ఉంటే పొద్దున రైలెక్కి విశాఖలో పరీక్షా కేంద్రానికి వెళ్లడమే మేలు.

అభ్యాసం, రెండు వారాలు: మీరు పైకి పంపిన చివరి 40 టికెట్లు తీసి మూడు గడుల్లో రాయండి. సమస్య ఏమిటి, నేనెక్కడ ఆగాను, వాళ్లేం చేశారు. మూడో గడి కోసం ఆ బృందంలో ఒకరిని అడగక తప్పదు. ‘సార్, ఆ టికెట్ ఎలా సరిచేశారో ఒక్క నిమిషం చెబుతారా’ అంటే కాదనేవాళ్లు తక్కువ.

తరువాత సిస్కో ప్యాకెట్ ట్రేసర్‌లో (తెరపైనే నెట్‌వర్క్ కట్టి చూసే సాఫ్ట్‌వేర్), అది ఉచితమే, ఒక రూటర్, ఒక స్విచ్, ఆరు కంప్యూటర్లు పెట్టండి. రూటర్‌నే డీహెచ్‌సీపీ సర్వర్‌గా చేసి 192.168.10.0/29 పూల్ (పంచిపెట్టే చిరునామాల గుంపు) ఇవ్వండి. వాడుకోదగిన చిరునామాలు ఆరు, రూటర్‌కు ఒకటి పోగా ఐదు. ఆరో కంప్యూటర్‌కు ఏ చిరునామా వచ్చిందో తెరపై చూసి రాసుకోండి. పూల్‌ను /28కి మార్చండి. రూటర్ ఇంటర్‌ఫేస్ మాస్క్ (ఆ నెట్‌వర్క్ ఎంత పెద్దదో రూటర్‌కు చెప్పే అంకె) మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి ఆరు యంత్రాలనుంచీ రూటర్‌కు పింగ్ చేసి (జవాబు వస్తోందో లేదో చూసి), రెండు ఫలితాలూ టికెట్ల కాగితంతో కలిపి పంపండి. ఆ కాగితం అందేదాకా ఎవరూ పరీక్ష ఫీజు కట్టవద్దు.