చూలు కుందేలు సంరక్షణ: విశాఖ ఉక్కపోతలో తీసుకోవలసిన జాగ్రత్తలు

కుందేలు చూలు కాలం సాధారణంగా 30 నుంచి 32 రోజులే కనుక, జత కట్టించిన తేదీని క్యాలెండరులో రాసిపెట్టుకోవాలి. తక్కిన ఏర్పాట్లన్నీ ఆ తేదీని బట్టే జరగాలి. సుమారు 10 నుంచి 14 రోజుల మధ్య పశువైద్యులు పొట్టను తడిమి చూలు నిర్ధారిస్తారు. ఆ పని ఇంట్లోవాళ్లు చేయబోతే కడుపులోని పిల్లలకు ప్రమాదం.

విశాఖలో తిండి కంటే ఉక్కపోత గురించే ఎక్కువ ఆలోచించాలని నా అభిప్రాయం. కుందేలు శరీరంలోని వేడి ప్రధానంగా చెవుల గుండా పోతుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే, అందులోనూ సముద్రపు తేమ తోడైతే, చూలుది త్వరగా సొమ్మసిల్లుతుంది. పడమటి ఎండ పడే బాల్కనీలో బోను ఉంచకూడదు. మూసిన గదిలో నీళ్ల కూలర్ పెడితే తేమ ఇంకా పెరుగుతుంది కాబట్టి, కిటికీలు తెరిచి ఫ్యాను వేసి, ఫ్రీజరులో గడ్డకట్టించిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి బోనులో ఒక మూల పెట్టడం మేలు. చల్లటి మంచినీళ్లు రేయింబవళ్లు అందుబాటులో ఉండాలి.

మేతలో ఎండుగడ్డి, గరిక ప్రధానం. రైతుబజారులో తెచ్చిన కొత్తిమీర, ముల్లంగి ఆకులను కడిగి, తడి ఆరాక కొద్దికొద్దిగా పెట్టవచ్చు. బిస్కెట్లు, అన్నం వద్దు. ఈనే వారంలో పూటంతా మేత ముట్టకపోతే మర్నాటి దాకా ఆగకుండా వైద్యునికి చూపించాలి.

తల్లి ఈనడానికి వాడే ఈత పెట్టెను జత కట్టించిన 28వ రోజున పెట్టాలి. ముందే పెడితే అందులో మూత్రం పోసి పాడుచేస్తుంది. ఒకటిన్నర అడుగు పొడవు, అడుగు వెడల్పున్న చెక్కపెట్టెలో వరిగడ్డి పరిస్తే చాలు, దానిపై తల్లే తన రొమ్ము బొచ్చు పీకి పరుచుకుంటుంది. దూది, నూలు పోగులు పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి కనుక వేయకూడదు. ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ చూలు కట్టగలదు కాబట్టి మగదాన్ని ముందుగానే వేరు చేయాలి.

ఈత చాలావరకు రాత్రి లేదా తెల్లవారుజామున జరుగుతుంది. అప్పుడు దీపం వేసి తొంగిచూడటం, ఇంట్లోని పిల్లలను పిలిచి చూపించడం మానుకోవాలి. తెల్లవారాక మీరు తల్లి పడుకునే గడ్డితో చేతులు రుద్దుకుని, చనిపోయిన పిల్లలు ఉంటే తీసివేయాలి. తల్లి రోజుకు ఒకటి రెండుసార్లు, కొద్ది నిమిషాలే పాలిస్తుంది. అది పట్టించుకోవడం లేదని ఆవుపాలు పోయకూడదు. పిల్లల పొట్టలు గుండ్రంగా నిండి ఉంటే పాలు అందుతున్నట్టే. చర్మం ముడతలు పడి, రెండో రోజుకూ పొట్ట పలచగానే ఉంటే వైద్యుని సలహా తీసుకోవాలి.