స్తంభాల మీద ఫైబర్ లాగేవాళ్లకు: కోనసీమ నుంచి కొన్ని మాటలు

కరెంటు స్తంభం మీద ఫైబర్ కేబుల్ వేయడమంటే నిచ్చెన, నాలుగు క్లాంపులు, ఒక పూట పని అనుకుంటారు కుర్రాళ్లు. అలా వేసిన లైన్లు అంబాజీపేట నుంచి అంతర్వేది దాకా ఎన్నైనా చూపిస్తాను. ఒకచోట గడ్డి ట్రాక్టరుకు తగిలేంత కిందికి జారి ఉంటుంది, ఇంకోచోట వీణ తీగలా బిగదీసి ఉంటుంది. ఊళ్లో అందరూ మొదటిదాన్ని తిట్టి రెండోదాన్ని మెచ్చుకుంటారు. నాకైతే రెండోదాన్ని చూస్తేనే టెన్షన్.

ఎందుకో లెక్క చెబుతాను. మీటరుకు 100 గ్రాముల బరువున్న కేబుల్, స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం, అంటే స్పాన్, 50 మీటర్లు. మధ్యలో అర మీటరు శాగ్ (కిందికి వేలాడే జారు) వదిలితే కేబుల్ మీద పడే లాగుడు సుమారు 62 కిలోలు. చూడ్డానికి బాగుంటుందని పావు మీటరుకు బిగిస్తే 125 కిలోలు. అదే అర మీటరు శాగ్‌తో 100 మీటర్ల కాలవ దాటించారంటే ఏకంగా 250 కిలోలు. ఇదంతా గాలి లేనప్పటి మాట. 1996 నవంబరు తుపానుకు కొబ్బరిచెట్లే వేళ్లతో లేచిపోయిన నేల మనది, గాలికి వదలాల్సిన వాటా గాలికి వదలాలి. అందుకే మామూలు స్పాన్లకు పొడవులో నూటికి ఒక వంతు శాగ్‌తో మొదలుపెట్టి, కేబుల్ కంపెనీ ఇచ్చిన శాగ్ పట్టికతో సరిచూసుకోండి. పెద్ద స్పాన్లకు పట్టికే ప్రమాణం, మన కంటి అంచనా పనికిరాదు.

పైకెక్కేముందు కాగితాలు. మన జిల్లాల్లో ఈ స్తంభాలు కరెంటు పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ వాళ్లవి. రాతపూర్వకంగా అనుమతి లేనిదే బ్యాండు కూడా చుట్టకూడదు. పని రోజున సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనుకు కరెంటు ఆపి ఇచ్చే అనుమతి) తీసుకుని, లైన్‌మన్‌ను పక్కనే ఉంచుకోండి. ఎల్‌సీ వచ్చింది కదా అని తీగ చచ్చిపోయినట్టు కాదు. రొయ్యల చెరువుల దగ్గర కరెంటు పోయిన మరుక్షణం ఏరేటర్ల కోసం జనరేటర్లు వేస్తారు. ఎక్కడో ఒకచోట లైను కరెంటు నుంచి జనరేటరుకు మార్చే చేంజోవర్ స్విచ్చి సరిగ్గా లేకపోతే ఆ కరెంటు వెనక్కి లైన్లోకి వస్తుంది. కాబట్టి లైన్‌మన్ టెస్టర్ పెట్టి చూసి, పనిచేసే చోటుకు రెండు వైపులా ఎర్త్ చేసేదాకా కిందే కూర్చోండి. చెరువు యజమాని ఎంత మంచివాడైనా సరే.

తరవాత స్తంభాన్ని చూడాలి. సిమెంటు స్తంభం మీద నిలువు పగులూ దాని వెంట తుప్పు చారా ఉంటే లోపలి తీగలు పోతున్నాయని అర్థం, దాన్ని వదిలేయండి. రంధ్రం చేయడం అనే మాటే వద్దు. ఆ స్తంభానికి బలమంతా లోపల బిగించిన తీగల్లోనే ఉంది, డ్రిల్లు తగిలితే అంతే. స్టెయిన్‌లెస్ బ్యాండు చుట్టి, బకిల్ బిగించి, దానికి బ్రాకెట్ తగిలించాలి. మనది కరెంటు తీగలకు కింద, అనుమతి పత్రంలో రాసిన ఎడంతో. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలికి మామూలు జీఐ (జింకు పూత ఇనుము) సామాను తొందరగా తుప్పుపడుతుంది. అక్కడ స్టెయిన్‌లెస్ ఖర్చు దండగ అనుకోవద్దు.

లాగేటప్పుడు కేబుల్‌ను రోడ్డు మీద ఈడ్చకండి. ప్రతి స్తంభానికీ కప్పీ కట్టి, దాని మీదుగా లాగండి. లాగుడు తాడుకూ కేబుల్‌కూ మధ్య స్వివెల్ (తనంతట తిరిగే కొక్కెం) పెడితే మెలి పడదు. లాగుతున్నప్పుడు వంపు వ్యాసార్థం కేబుల్ మందానికి 20 రెట్లకు, బిగించాక 10 రెట్లకు తగ్గకూడదు. 12 మిల్లీమీటర్ల కేబుల్‌కు 24 సెంటీమీటర్లు, 12 సెంటీమీటర్లు అన్నమాట. చిన్న కప్పీతో పని కానిచ్చేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. పైన తొడుగు బాగానే ఉంటుంది, లోపల గాజు నలుగుతుంది. డ్రమ్ము మీద మిగిలింది అటువైపు తిప్పి లాగాల్సి వస్తే నేల మీద టార్పాలిన్ పరిచి 8 ఆకారంలో పోయండి. గుండ్రంగా చుడితే మెలికలు పడతాయి.

శాగ్ కొలవడానికి యంత్రమేమీ అక్కర్లేదు. కేబుల్ కట్టే చోటు నుంచి ఎంత శాగ్ కావాలో అంత కిందికి, రెండు స్తంభాల మీదా ఒక్కో వెదురుబద్ద అడ్డంగా కట్టండి. ఒక బద్ద పై అంచు నుంచి రెండో బద్ద పై అంచును చూస్తూ ఉంటే, ఇంకొకరు రాచెట్‌తో నెమ్మదిగా బిగిస్తారు. కేబుల్ పొట్ట ఆ చూపు గీతను తాకగానే ఆపమనాలి. ఎండ ముదరకముందే చేసుకోండి, చూపు తిన్నగా నిలుస్తుంది.

తిన్నగా పోయే స్తంభాలకు కేబుల్‌ను వేలాడదీసే సస్పెన్షన్ క్లాంపు చాలు. మొదట్లో, చివర్లో, మలుపుల్లో, రోడ్డుకూ కాలవకూ రెండు పక్కలా డెడ్ ఎండ్ వేయాలి, అంటే కేబుల్‌కు మెలేసి దాని లాగుడంతా ఆ స్తంభానికే కట్టేసే కడ్డీల చుట్ట. ఒకచోట చెట్టు పడితే ఆ ముక్కే పోతుంది, ఊరంతా పడిపోదు. డెడ్ ఎండ్ చుట్టలో రంగు గుర్తు ఉంటుంది. అక్కడి నుంచి మొదటి కాలు చేత్తో చుట్టుకుంటూ పోండి, గుర్తు దగ్గర కలిపి రెండోది చుట్టండి. చుట్టకూ చుట్టకూ సందు ఉండకూడదు, కడ్డీ మీద కడ్డీ ఎక్కకూడదు. చివరి మెలిక గట్టిగా ఉందని కటింగ్ ప్లేయర్ తీస్తే తొడుగు మీద పన్ను పడుతుంది. బొటనవేలితో నొక్కితే అదే కూర్చుంటుంది. కొన్నాళ్లు లోడు మీద ఉన్న చుట్టను విప్పి మళ్లీ వాడటం మాత్రం వద్దు.

డెడ్ ఎండ్ ఉన్న స్తంభానికి లాగుడుకు ఎదురు దిక్కున స్టే (స్తంభాన్ని నేలకు లాగి కట్టే తీగ) ఉండాలి. మన ఒండ్రు నేలలో, అందులోనూ వరిచేను గట్ల మీద, స్టే లేని స్తంభం రెండు వానాకాలాలకే ఒంగుతుంది. స్టేకు గేదెలను కట్టేసే పెద్దాయనతో మర్యాదగా మాట్లాడి, పక్కన ఒక గుంజ పాతి ఇవ్వండి. పోట్లాటకంటే చవక.

కొబ్బరితోటల్లో వీలైతే గట్టు మారండి. దింపు తీసేరోజు గెల పడేది నేరుగా కేబుల్ మీదే. ఉడతలు తొడుగు కొరుకుతాయి కాబట్టి కొమ్మలు తగలకుండా చూసుకోవాలి.

మొసలపల్లి, గంగలకుర్రు చుట్టుపక్కల పని పడితే ఇంకో సంగతి. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు (భుజాల మీద మోసుకొచ్చే ఎత్తయిన దేవుడి అలంకారాలు) చేల మీదుగా, కౌశిక కాలవ దాటుతూ వస్తాయి. వాటికి కరెంటు తీగలే అడ్డం, మన కేబుల్ ఎంత? ఆ దారిలో దాటే ప్రతి స్పాన్‌కూ పక్క స్తంభం మీద అదనపు లూపు చుట్టి ఉంచండి, డెడ్ ఎండ్‌లు విప్పి కేబుల్‌ను నేలకు దించేంత. లేదంటే ఆ రోజు కత్తెరే దిక్కు, పండగ రాత్రి జాయింటు మీరే కొట్టాలి. లూపు ఎన్ని మీటర్లో, ఏ నంబరు స్తంభం మీదో ట్యాగు కట్టి, మ్యాపులోనూ రాసుకోండి.

పని అయ్యాక మనుషులందరూ కిందికి దిగారా, ఎక్కినన్ని బెల్టులూ తిరిగి వచ్చాయా లెక్క పెట్టండి. ఎర్త్‌లు లైన్‌మన్ తీశాక, ఎల్‌సీ ఎవరి పేరున తీసుకున్నారో ఆయనే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి తిరిగి ఇవ్వాలి. వేరేవాళ్లు చెబితే చెల్లదు.