వైఫై ఆగి ఆగి వస్తోందా? కంప్లైంట్ పెట్టే ముందు ఇవి చూడండి

మా పెద్దమ్మ వాళ్ళది పాలకొల్లు దగ్గర పాత మండువా ఇల్లండి. వీధి గదిలో నెట్ బాగానే వస్తుంది, వంటింట్లోకెళ్తే వీడియో గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది, రాత్రి ఎనిమిదైతే వీధి గదిలోనూ అంతే. నెట్ వాళ్ళు రెండుసార్లొచ్చి లైన్ బానే ఉందని చెప్పి వెళ్ళారు, అది నిజమే. మొన్న సంక్రాంతికెళ్ళినప్పుడు కూర్చుని ఒక్కోటీ చూస్తే గొడవంతా వైఫైలోనే ఉందని తేలింది. ఏ వరసలో చూశానో అదే చెప్తాను.

ముందు తప్పు లైన్‌దా, వైఫైదా తేల్చుకోండి. ఫైబర్ బాక్స్ మీద ఎల్ఓఎస్ అన్నచోట ఎర్ర లైట్ వెలుగుతుంటే అది లైన్ సమస్య, కంప్లైంట్ ఇచ్చేయండి. లైట్లు బాగుంటే ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రౌటర్ అడ్రస్‌ని పింగ్ చేయండి, అంటే ping అని కొట్టి పక్కన ఆ అడ్రస్ ఇస్తే రౌటర్ ఎంతసేపట్లో జవాబిస్తుందో చూపిస్తుంది. అడ్రస్ చాలావాటికి 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది, రౌటర్ కింద స్టిక్కర్ మీద చూడొచ్చు. జవాబు ఎప్పుడూ నాలుగైదు మిల్లీసెకన్లలో వస్తుంటే వైఫై బాగున్నట్టే, ఒకసారి 3, ఒకసారి 400, మధ్యలో టైమౌట్ అని వస్తుంటే వైఫైలోనే తేడా. ల్యాన్ కేబుల్ పెట్టి కూడా చూడండి, కేబుల్‌తో సాఫీగా వస్తే ఇక అనుమానమే లేదు.

తర్వాత రెండ్రోజులు ఎక్కడ, ఎప్పుడు ఆగుతోందో రాసుకోండి. ఎప్పుడూ ఒకే గదిలో అయితే గోడలు. సాయంత్రం పూటే అయితే చుట్టుపక్కల ఇళ్ళ వైఫైలు. వంటింట్లో రెండు నిమిషాలు ఆగి మళ్ళీ వచ్చేస్తుంటే మైక్రోవేవ్, ఎందుకంటే అదీ దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తుంది, మన వైఫై 2.4 బ్యాండూ (బ్యాండ్ అంటే వైఫై వెళ్ళే రేడియో దారి) అక్కడే, బ్లూటూత్ కూడా అక్కడే. లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్ కదా, అందరూ అందులోనే ఉంటారు.

ఇప్పుడు రౌటర్ చోటు. పెద్దమ్మ వాళ్ళు దాన్ని బీరువా వెనక గూట్లో పెట్టేశారు, కనపడకుండా ఉంటుందని. ఇనుము సిగ్నల్‌ని ఆపేస్తుంది, పైగా పాతకాలం గోడలు ఎంతెంత మందమో మీకు తెలిసిందే. దాన్ని తీసి మండువా వైపు గుమ్మం పక్కన, మనిషి ఎత్తు కన్నా కాస్త పైన, వాన జల్లు తగలని చోట పెట్టాం, మధ్యలో ఖాళీయే కాబట్టి నాలుగు వైపులకీ గోడ అడ్డం లేకుండా పోతుంది. సగం సమస్య అక్కడే తీరిపోయింది, పైసా ఖర్చు లేకుండా. చేపల తొట్టె, పెద్ద అద్దం పక్కన కూడా పెట్టొద్దు.

మిగిలింది రాత్రి ఎనిమిది గొడవ. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ వేస్తే ఎవరి వైఫై ఏ ఛానల్లో (బ్యాండ్‌లో ఉండే చిన్న దారుల్లాంటివి) ఉందో కనపడుతుంది. 2.4లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే, ఖాళీగా ఉందికదా అని 3 లోనో 8 లోనో పెడితే రెండు వైపులా తగులుకుంటారు, ఆ తప్పు చాలామంది చేస్తారు. రౌటర్ సెట్టింగ్స్‌లోకెళ్ళి ఆటో తీసేసి ఈ మూడింట్లో రద్దీ తక్కువున్నది పెట్టండి, ఛానల్ విడ్త్ (ఆ దారి వెడల్పు, మెగాహెర్ట్జ్‌లో) 40 ఉంటే 20 చేయండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి రాత్రి దాకా చూడండి, లేకపోతే దేనివల్ల బాగైందో తెలీదు.

రౌటర్‌కి 5 గిగాహెర్ట్జ్ ఉంటే టీవీ, ల్యాప్‌టాప్ దాంట్లోకి మార్చేయండి. రద్దీ తక్కువ, మైక్రోవేవ్ బాధ లేదు, కానీ గోడలు దాటడంలో 2.4 కన్నా వీక్. ఇంకోటి, యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ రౌటర్‌కి ఆనించి పెడితే అది కూడా 2.4లో నాయిస్ కలిపేస్తుంది, కాస్త దూరం జరపండి.

ఇంత చేసినా పెరటి గదికి రాకపోతే రిపీటర్ (వైఫై సిగ్నల్ అందుకుని ముందుకు పంపే డబ్బా) కొనేయొద్దు, మామూలు రిపీటర్ ఒకే ఛానల్లో విని మళ్ళీ పంపాలి కాబట్టి స్పీడ్ సగానికి పడిపోతుంది. ల్యాన్ కేబుల్ 100 మీటర్ల దాకా లాగొచ్చు, ఆ చివర ఒక యాక్సెస్ పాయింట్ (కేబుల్‌లో వచ్చిన నెట్‌ని అక్కడ వైఫైగా ఇచ్చే డబ్బా) పెట్టుకుంటే బెస్ట్. రొయ్యల చెరువు దగ్గర కెమెరా పెట్టుకున్నవాళ్ళకైతే మధ్యలో కొబ్బరి మట్టలే పెద్ద అడ్డు, వాన పడి తడిస్తే మరీను, పైపు మీద ఎత్తుకి లేపి ఇంటి వైపు నేరుగా కనపడేట్టు కట్టించుకోండి.