మంచాన పడ్డవారికి సేవ: మన వంతు గంటలు ఎలా ఇవ్వాలి

యోహాను సువార్త 13వ అధ్యాయంలో ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన వరుస గమనించండి. పైవస్త్రం తీసి పక్కన పెట్టాడు, నడుముకు తువాలు కట్టుకున్నాడు, పళ్లెంలో నీళ్లు పోశాడు, కడిగాడు, తుడిచాడు. స్నేహితుల కోసం ప్రాణం పెట్టే ప్రేమ గురించి చెప్పింది ఆ తర్వాతే (15:13). మంచాన పడ్డ మనిషికి సేవ చేయదలచిన విశ్వాసి కూడా పనితోనే మొదలుపెట్టాలి.

"ఏదైనా అవసరమైతే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. ఫలానా రోజు, ఫలానా వేళ వస్తామని మీరే చెప్పండి. వారానికి ఒక పూట, మూడు గంటలు చాలు. మొదటి నెల అంతకు మించి ఒప్పుకోకండి. ఉత్సాహం కొద్దీ రోజూ వస్తామని చెప్పి రెండో వారానికి మానేస్తే, ఆ వేళకు కాస్త నిద్రపోదామని ఆశపెట్టుకున్న ఇంటివాళ్లకు అసలు రాకపోవడం కంటే ఎక్కువ కష్టం.

అన్నిటికంటే ముఖ్యం పక్క మార్చడం. కదలలేని మనిషిని సాధారణంగా రెండు గంటలకోసారి ఎడమకు, వెల్లకిలా, కుడికి మారుస్తారు. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది కాబట్టి, వీపు వెనక దిండు పెట్టి సుమారు 30 డిగ్రీలు వాల్చితే చాలు. పిక్కల కింద ఇంకో దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడండి. ఒక్కరే చంకల కింద పట్టి లాగితే మనిషి చర్మం ఒరుసుకుపోతుంది, మీ నడుమూ పట్టేస్తుంది. మడత పెట్టిన దుప్పటి ఒంటి కింద వేసి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తి జరపాలి. తిప్పిన ప్రతిసారీ నడుము కింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక చూడండి. నొక్కినా పోని ఎరుపు పడక పుండుకు మొదలు. నల్లటి ఒంటి మీద ఎరుపు కనిపించకపోవచ్చు, చేత్తో తాకి వేడిగానో గట్టిగానో ఉందేమో చూడాలి. అక్కడ నూనె రాసి మర్దన చేయకండి, లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. నర్సుకు చెప్పండి.

ఒళ్లు తుడిచేటప్పుడు ముఖంతో మొదలుపెట్టి మర్మాంగాలతో ముగించండి. అక్కడికి వచ్చేసరికి నీళ్లు, గుడ్డ మార్చాలి. తుడుస్తున్న భాగం తప్ప మిగతా ఒళ్లు కప్పి ఉంచండి. చాలామంది "మీచేత ఈ పని వద్దు" అంటారు. పేతురు కూడా తన పాదాలు కడగనివ్వలేదు. ప్రభువు బలవంతం చేయలేదు, ఎందుకో చెప్పాడు, పేతురు ఒప్పుకున్నాకే కడిగాడు. మీరూ అడిగి, చెప్పి, తర్వాతే ముట్టుకోండి. వద్దంటే ఆ రోజుకు చేతులు, ముఖం తుడిస్తే చాలు.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం దించి, సగం చెంచా చొప్పున పెట్టండి. మింగాకే తర్వాతి ముద్ద. దగ్గు వచ్చినా, గొంతు తడి తడిగా గురగురలాడినా ఆపేయండి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు.

ప్రార్థన చేయమంటారా అని అడిగి, సరేనంటేనే క్లుప్తంగా చేయండి. ఆ గదిలో చూసినదాన్ని సంఘంలో సాక్ష్యంగా చెప్పకండి, ఫొటో అసలే తీయకండి. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట (మత్తయి 6:3) ఇక్కడ ఆ మనిషి మానాన్ని కాపాడుతుంది.

రాత్రింబగళ్లు ఒక్కరే చేయడం త్యాగమని కొందరు అనుకుంటారు. అది ప్రమాదం. నిద్రలేని చేతుల్లో మందుల మోతాదు తప్పుతుంది, మాట కరుకవుతుంది. ప్రజల తగవులన్నీ ఒక్కడే తీరుస్తున్న మోషేను, నువ్వూ ప్రజలూ నలిగిపోతారని మామ యిత్రో హెచ్చరించి పని పంచమన్నాడు (నిర్గమకాండము 18). కనీసం నలుగురు వంతులు వేసుకోండి. మంచం పక్కన ఒక నోటుబుక్కు పెట్టి, ఏ వేళకు ఏ పక్కకు మార్చారో, ఎంత తాగారో, ఏ మందు వేశారో, చర్మం ఎలా ఉందో రాయండి. తర్వాత వచ్చేవారు అది చదివాకే మీరు బయలుదేరండి.